అగ్గిపెట్టెలో సిలబస్

కైలాసగిరి కింద, ఫైరింగ్ రేంజి రేకుల షెడ్డులో
ఈ పూట ఆరుగురు.
ఇద్దరు బ్యాంకు కాపలావాళ్లు, ఒక నగల కొట్టు షావుకారు,
గాజువాక నుంచి ఒక రిటైర్డు నేవీ మనిషి,
ఊరికే తోడొచ్చిన ఆయన బావమరిది,
చివరి బెంచీ మీద
పద్మనాభం దగ్గర ఎకరంనర మొక్కజొన్న వేసిన
బొడ్డేటి నూకరత్నం.

లైసెన్సు కావాలంటే ముందు నా సంతకం కావాలి.
నా సంతకం కావాలంటే ముందు ఈ అగ్గిపెట్టె చూడాలి.

తెరిచి చేతులు మారుస్తాను.
లోపల మూడు సీసపు ముద్దలు,
చింతగింజ కన్నా చిన్నవి.
"ఏటండీ ఇవి?" అంటుంది నూకరత్నం.
మా నాన్న, అంటాను.

కంబాలకొండలో జమీందారు అతిథులు వేటాడే రోజుల్లో
డప్పు కొట్టి జంతువుల్ని తోలేవాడు మా నాన్న అప్పలసూరి.
పూటకి అర్ధరూపాయి. పంది పడితే మాంసంలో చిన్న వాటా.
తుపాకీ పట్టినవాడికి పత్రం ఉండేది,
తోలు అట్ట, ఎర్ర ముద్ర,
'ఎందుకు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'వేట'.
పొద కదిలితే
పందా మనిషా అని ఒక్క ఊపిరి ఆగాలని
ఆ పత్రంలో ఎక్కడా లేదు.

పొద కదిలింది.

పిక్కలో గుళ్లతోనే నలభై ఏళ్లు నడిచాడు.
"వానొత్తాదిరా, పిక్క సెప్తంది" అనేవాడు,
వచ్చేది.
జ్ఞానాపురం శ్మశానంలో ఎముకలు ఏరుతుంటే
బూడిదలో ఇవి దొరికాయి.
ఎన్ని గుళ్లో లెక్క తెలీలేదు,
కరిగి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.
ఎముకలు భీమిలి దగ్గర సముద్రంలో కలిపి
వీటిని జేబులో వేసుకొచ్చాను.

ఇక పాఠం.
ప్రతి తుపాకీ నిండుగానే ఉందనుకో.
నీ చేత్తో నువ్వే ఖాళీ చేసినా
నిండుగానే ఉందనుకో.
మూతి నేలకి. వేలు ట్రిగ్గరుకి బయట,
చెప్పులు విడవని కాలు గడప ఇవతల ఆగినట్టు.
గురి వెనక ఏముందో చూడు,
దాని వెనక ఏముందో కూడా.

షావుకారు నోట్సు రాసుకుంటాడు.
నేవీ మనిషి వాచీ చూసుకుంటాడు.
"దీంతో వేటకెళ్లొచ్చాండీ?" అంటాడు బావమరిది.
డెబ్బై రెండు చట్టంతో ఆ మాట పోయింది నాయనా.
వేట నేర్పే పాఠం నా దగ్గర లేదు,
ఉన్నదల్లా ఆగడం.

"మరి పందులాగవు కదండీ," నూకరత్నం లేచి నిలబడింది.
"సేను సుట్టూ పాత సీరలు కట్టినాం, తొక్కీసినాయి.
రాత్రల్లా డప్పు కొట్టినాను, సేతులు బొబ్బలెక్కినాయి."
డప్పు అన్న మాట దగ్గర
నేను చాక్‌పీసు వెతుక్కున్నట్టు అటు తిరిగాను.

పరీక్షలో నేవీ మనిషికి పదికి తొమ్మిది.
ఆమెకి మూడు.

ఆ తర్వాతిది నా సొంత పరీక్ష, రూల్సులో లేదు.
తుపాకుల్లో వేసినవి ఉత్తుత్తి తూటాలు, ఆ సంగతి వాళ్లకి తెలీదు.
కుడివైపు తుప్పకి ఒక తాడు కట్టి ఉంటుంది.
ఒక్కొక్కర్నీ నిలబెట్టి, మాటల్లో పెట్టి,
లాగుతాను.

నేవీ మనిషి చేతిలో 'టక్' మంది.
చిన్న చప్పుడే.
ఆయన మొహం మాత్రం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

నూకరత్నం మూతి నేలకి దించి
గొంతెత్తి కేకేసింది:
"ఎవుర్రా అక్కడ?"

ఆ రోజు కంబాలకొండలో ఎవరైనా ఇలా అడిగుంటే
"నానేనండి బాబూ" అనేవాడు మా నాన్న.
అంతే, రెండు మాటలు.

సంతకం పెట్టాను. మూడు మార్కుల పక్కన
కారణం రాయడానికి గడి లేదు, మార్జిన్లో రాశాను.

ఆమె ఫైలు ఇంకా కలెక్టరాఫీసులో
ఒక బల్ల మీంచి ఇంకో బల్లకి నడుస్తోంది.
మొన్న ఫోను చేస్తే, సగం చేను పోయిందంది.
మంచె మీద కూర్చుని
రాత్రుళ్లు ముందు ఆ కేకే వేస్తోందట.
జవాబు రాకపోతే
అప్పుడు డప్పు.